నిన్న చేసిన మేకరాన్లు

మా మామయ్య గొంతు తెలియనివాళ్ళు మా ఊళ్ళో ఉండరు. ఆయన ముఖం తెలిసినవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉద్యోగం చేసినంతకాలం రైల్వే స్టేషన్లో ఓ చిన్న అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫాం మీదకి వస్తుందో, ఏది ఆలస్యంగా నడుస్తోందో చెప్పడమే ఆయన పని. రిటైరై ఇంటికొచ్చారుగానీ మైకు గొంతులోనే ఉండిపోయింది. తెల్లారితే మా ఇంట్లో అలారంతో పనిలేదు. "ప్రయాణికులకు గమనిక. ముందు గదిలో ముసుగుతన్ని పడుకున్న బండి తక్షణమే స్నానాల గది వైపు బయలుదేరవలెను" అని ఆయన మొదలుపెడితే మా ఆయన దుప్పటి లాగిపడేసి లేచేవారు. పెళ్ళయిన కొత్తలో, నా కాఫీ నిర్ణీత సమయానికన్నా ఆలస్యంగా నడుస్తోందని హాల్లోంచి వినపడితే నాకు ఒళ్ళు మండేది. పోనుపోను నేనే వంటింట్లోంచి "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని జవాబివ్వడం మొదలుపెట్టాను. అత్తయ్య పోయాక ఆ ఇల్లు ఇల్లులా నిలబడిందంటే ఆ గొంతు వల్లే.

ఆ ఎండాకాలం ఆ గొంతు మూగబోయింది.

కారణం పళ్ళు. కదులుతున్నవి కదులుతూ, పుచ్చినవి పుచ్చుతూ చాలాకాలం నెట్టుకొచ్చారు. చివరికి పళ్ళ డాక్టరమ్మ, ఇంక లాభం లేదు, అన్నీ తీసేద్దాం అంది. తీసేసి, చిగుళ్ళు మానేదాకా ఆగి, ఎండలు ముదిరే వేళకి కట్టుడు పళ్ళ సెట్టు చేతికిచ్చింది. అన్నాళ్ళూ మామయ్య నోటికి తువ్వాలు కట్టుకునే తిరిగారు, ఇంట్లో ఎవరికీ ఖాళీ నోరు చూపించలేదు. మొదటిరోజు మామయ్య ఆ సెట్టు పెట్టుకుని, జుట్టు దువ్వుకుని, హాల్లోకొచ్చి నిలబడి స్టేషన్లో మాట్లాడినట్టే గొంతు సవరించుకున్నారు. "స్టేషన్" అన్న మాట దగ్గర పళ్ళ సందులోంచి సన్నగా ఈల వచ్చింది. గార్డు ఊదినట్టే వచ్చింది. మా ఆయన ఆపుకుందామనుకున్నారు, ఆగలేదు, పక్కున నవ్వేశారు. ఆ క్షణాన కట్టుకున్న మొగుణ్ణి ఏం చేసినా పాపం లేదనిపించింది నాకు.

అయినా దాన్నుంచి మామయ్య తేరుకునేవారేమో. తేరుకోనివ్వనిది మా పిడుగు.

పిడుగంటే మా అమ్మాయి. ఆరేళ్ళది. ఆ ముద్దుపేరు అసలు పేరుని ఎప్పుడో మింగేసింది. పుట్టినప్పట్నించీ తాత నీడే అది. తాత ఒళ్ళో కూర్చుంటేనే ముద్ద దిగేది, "ఈ బండి నిద్రపురం మీదుగా పోవును" అని తాత చెబితేనే కన్ను మూసేది. పొద్దున్నే మా ఆయన బస్సు డిపోకీ, నేను కళ్ళజోళ్ళ షాపుకీ పరిగెడితే, దాన్ని బడికి నడిపించుకెళ్ళేది తాతే. సెలవులు మొదలైన కొత్తలో ఒకరోజు పొద్దున్నే తాతని లేపడానికి గదిలోకి ఉరికింది. కిటికీలో గ్లాసు, గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో సెట్టు ఎండ పడి మెరుస్తూ ఇకిలిస్తోంది. పిడుగు కెవ్వుమంది. మామయ్య ఉలిక్కిపడి లేచి, దాన్ని ఊరుకోబెడదామని నవ్వుతూ చేతులు చాచారు. ఆ నోరు ఖాళీగా ఉంది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. అది గ్లాసు వంక చూసింది, నోటి వంక చూసింది, "నువ్వు మా తాతవి కాదు" అంది. అని, వచ్చి నా కొంగులో దూరింది.

చిన్నపిల్ల మాట, మనసులో పెట్టుకోకండి మామయ్యా అన్నాను. సరే అన్నట్టు తలూపారు. తలూపడమే, ఇక నోరు విప్పలేదు. జావ గిన్నె గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని తాగేవారు. బయటికెళ్ళేటప్పుడు మాత్రం సెట్టు పెట్టుకునేవారు, పెదాలు లోపలికి పోకుండా ఉండటానికి. ఇంటికి రాగానే మళ్ళీ గ్లాసులోకే. పిడుగు అటు వస్తుంటే ఆయన ఇటు తప్పుకునేవారు. ఆయన ఇటు వస్తే అది నా వెనక నక్కేది. ఒకే ఇంట్లో ఇద్దరూ ముఖాలు చాటేసుకుని తిరుగుతుంటే మధ్యలో నా ప్రాణం పోయేది. బడి తెరిచేలోగా వీళ్ళిద్దరూ మళ్ళీ ఒక్కటవ్వాలి, అంతే నాకు కావలసింది. చెయ్యిపట్టుకుని నడిపించుకెళ్ళే మనిషి కోసమే కాదు. ఆ ఇంట్లో ఆ గొంతు లేకుండా ఉండటం నావల్ల కావట్లేదు.

మా షాపుకి బుధవారం సెలవు. మామయ్యని బతిమాలి, పిల్లని ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక వెంటబెట్టుకుని, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ సెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఏ లోపమూ లేదు, వాడకపోవడమే లోపం అంది. మెత్తటి వాటితో మొదలుపెట్టాలట. ముందు పళ్ళతో కొరక్కుండా చిన్న ముక్క చేసి రెండువైపులా సమంగా నమలాలట. పైకి చదవాలట, పాడాలట, ఏదీ కుదరకపోతే ఎవరితోనైనా పోట్లాడాలట. మామయ్య గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. కింద ఫ్రెంచి కేకుల షాపు ఉందిగా, అక్కడినించే మొదలుపెట్టండి అంది ఆవిడ.

"మీరు పళ్ళ డాక్టరై ఉండి కేకులు తినమంటున్నారా?" అన్నాను.

"పాడవడానికి ఆయనకి పళ్ళెక్కడున్నాయి?" అంది.

నేను గబుక్కున ఆయన వంక తిరిగాను, మళ్ళీ ఎక్కడ నొచ్చుకుంటారోనని. చూస్తే మామయ్య పెదవి చివర కొంచెం కదిలింది. అది చాలు నాకు, వెంటనే మెట్లు దింపేశాను.

కింద పళ్ళు పుచ్చబెట్టే షాపు, పైన పీకే షాపు. ఇద్దరూ ఒకే ఓనరుకి అద్దె కడతారు. బోర్డు మీద ఫ్రెంచిలో ఏదో రాసుంటుంది, వీధిలో ఎవరికీ నోరు తిరగదు. తలుపు తీయగానే బయటి ఎండ ఠక్కున ఆగిపోయి చల్లగాలీ, వెన్న వాసనా, కాస్త మాడిన పంచదార వాసనా ముఖానికి తగిలాయి. తెల్లటి గోడలు, గుండ్రటి పాలరాతి టేబుళ్ళు, పొడుగాటి అద్దాల బీరువా. బీరువాలో కేకులు నగల షాపులో నగల్లా కూర్చున్నాయి. షాపు నడిపే ఆవిడకి నాకన్నా నాలుగైదేళ్ళు తక్కువుంటాయి. జుట్టుకి వల, మోచేతులదాకా మడిచిన చొక్కా, చేతుల మీద అక్కడక్కడా పొయ్యి కాల్చిన మచ్చలు. ఆ దేశం వెళ్ళి మరీ పని నేర్చుకొచ్చిందట. మా పిడుగు ఆవిడకి లోపలికెళ్ళీ వెళ్ళగానే కేకులావిడ అని పేరు పెట్టేసింది.

మామయ్య మూలనున్న టేబుల్ చూసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. పిడుగు కిటికీ దగ్గర, ఆయనకి ఎంత దూరం కుదిరితే అంత దూరంలో, వీపు పెట్టి కూర్చుంది. డబ్బిచ్చి తినడానికి వచ్చిన నేను ఆ రెండు టేబుళ్ళ మధ్యా సర్వరులా తిరిగాను. మామయ్యకి చాక్లెట్ మూస్ పెట్టాను. నోట్లో పెడితే దానంతటదే కరిగిపోయే సరుకు. అయినా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నమిలారు. వెనకనించి చూస్తే చెవులు మాత్రం కదులుతున్నాయి. కరిగిపోయేదాన్ని అంత శ్రద్ధగా నమిలే మనిషిని చూస్తే నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చినందుకు సిగ్గేసింది.

పిడుగు కన్ను మేకరాన్ల మీద పడింది. గులాబీ, పసుపు, లేత ఆకుపచ్చ, రెండేసి పెంకుల మధ్య క్రీము పెట్టిన బిళ్ళలు. అప్పుడే లోపల్నించి ట్రేలో వచ్చిన గులాబీవి కావాలంది. కేకులావిడ ఇవ్వనంది. అవి ఇవాళ చేసినవట, ఇవాళ అమ్మరట. బీరువాలో ఉన్నవి నిన్నటివట, అవి తీసుకోవాలట. మా వీధి బేకరీవాడు నిన్నటి బ్రెడ్డుని ఇవాళ్టిదని అబద్ధమాడి అంటగడతాడు, మీరేంటి నిన్నటిదని చెప్పి మరీ అమ్ముతున్నారు అని అడిగాను. ఆవిడ నవ్వి, నాకు చెప్పడం మానేసి పిడుగు ముందు గొంతుక్కూర్చుంది.

"కొత్తగా చేసినప్పుడు ఈ పెంకులు మొండిగా ఉంటాయి, ఎవరి మాటా వినవు. క్రీము పెట్టి ఒక రోజు పక్కపక్కన వదిలేస్తామన్నమాట. క్రీములో చెమ్మ మెల్లిగా పెంకుల్లోకి వెళ్తుంది. మెత్తబడిపోతాయి."

"నువ్వేం చెయ్యక్కర్లేదా?" అంది పిడుగు.

"ఏమీ చెయ్యక్కర్లేదు. పక్కపక్కన ఉండనిస్తే చాలు."

నిన్నటివే తిన్నాం. పైన సన్నగా పొరలా విరిగి, లోపల నాలిక్కి అతుక్కుని కరిగింది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు.

అలా ఆ ఎండాకాలం బుధవారాలన్నీ ఆ షాపుకి రాసిచ్చేశాం. మామయ్య మూస్ నించి స్పాంజి కేకుకీ, దాన్నించి ఎక్లేర్‌కీ ఎదిగారు. ఎక్లేర్ అంటే లోపల క్రీము, పైన చాక్లెట్ పూసిన పొడుగాటి మెత్తటి బొంగు. దాన్ని చాకుతో ముక్కలు కోసి, డాక్టరమ్మ చెప్పినట్టు రెండువైపులా సమంగా నమిలేవారు. ఆయన తినగలుగుతున్నారని నాకు సంతోషమే. కానీ మాటకి మాత్రం తాళం తియ్యలేదు. ఏం కావాలన్నా అద్దం మీద వేలితో చూపించేవారు. ఊరంతటికీ గొంతిచ్చిన మనిషి కేకుకి వేలు చూపిస్తుంటే నేను చూడలేక చిల్లర వెతుక్కునేదాన్ని.

అదే రోజుల్లో పిడుగు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తినడం గమనించాను. తాతని వెక్కిరిస్తోందేమోనని ఇంటికెళ్ళాక కోప్పడ్డాను. అది ఏడుపు ముఖం పెట్టి, తలుపు వేసి, నోరు తెరిచి చూపించింది. కింది వరుసలో ముందు పన్ను కదులుతోంది. ఇంతేనా పిచ్చిదానా, పాలపన్ను ఊడితే మళ్ళీ వస్తుంది అన్నాను. తాతకి రాలేదుగా అంది. ఒకటి ఊడితే ఇక వరసగా అన్నీ ఊడిపోతాయనీ, తాతకీ అలాగే మొదలైందనీ దాని లెక్క. తాతకి చెప్పనని నాచేత ఒట్టేయించుకుంది. అప్పటికిగానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. అది తాతని చూసి కాదు, తాతలా అయిపోతానేమోనని భయపడుతోంది. ఆ రోజునించీ షాపులో నాకు రెండు టేబుళ్ళ దగ్గరా నోటికి చేతులడ్డం పెట్టుకున్న ఇద్దరు కనపడేవారు, ఒకరికి గోడ, ఒకరికి కిటికీ.

నా నోరు ఊరుకోదుగా. ఓ బుధవారం డబ్బు కడుతూ, మామయ్య స్టేషన్లో ఏం చేసేవారో కేకులావిడకి చెప్పేశాను. ఆవిడ చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది. కాలేజీకి రోజూ పొద్దుటి బండిలో వెళ్ళేదట. ఆ గొంతు వింటూ మెట్ల మీద పరిగెత్తేదట. నేను వద్దనేలోపే తనే ఒక పళ్ళెం పట్టుకుని మామయ్య టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది. పళ్ళెంలో కాగితాల్లాంటి కరకర పొరల మధ్య క్రీము పెట్టిన కేకు ఉంది. డబ్బొద్దంది. బండి కదులుటకు సిద్ధముగా ఉన్నది అని మీరంటే ప్రాణం లేచొచ్చేది అంకుల్, ఒక్కసారి అనండి, వింటాను అంది.

మొహమాటానికి మామయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. నేను దూరంనించే చూస్తున్నాను. ఆయన వెన్ను నిటారైంది. రెండు చేతులూ టేబుల్ మీద, ముందు మైకున్నట్టు, ఒద్దికగా పెట్టుకున్నారు. అనాలని ఉంది ఆయనకి. అనబోతున్నారు. "ప్రయాణికులకు" అన్నారు. ఆ పొరల రవ్వలు సెట్టు కిందికి దూరాయో ఏమో, ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. పై సెట్టు జారి నాలిక మీద పడింది. మాట మధ్యలోనే తెగి, కేకు పొడి టేబులంతా చిందింది. పక్క టేబుల్ వాళ్ళు చూశారు. ఎవరూ నవ్వలేదు, అందరూ మర్యాదగా తలలు తిప్పుకున్నారు. నవ్వినా బాగుండేది. మామయ్య జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని లేచారు.

"ఇంటికి పోదాం అమ్మాయ్" అన్నారు. ఎండాకాలం మొత్తంలో నాతో అన్న మొదటి మాట అది.

దారిలో ఆయన ముందు, మేం వెనక. పిడుగు నా చెయ్యి లాగి, తాతకి నెప్పెట్టిందా అని అడిగింది. అవునన్నాను. చాలానా అంది. చాలానే అన్నాను. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా అది ఒక్క గెంతూ గెంతలేదు.

తర్వాతి బుధవారం ఆయన రాలేదు. మేమూ వెళ్ళలేదు. ఆపైవారం వచ్చేసరికి బడి నెత్తిమీద కూర్చుంది. ఎవరు తీసుకెళ్తారే నిన్ను అంటే పిడుగు నోరు మూసుకుని చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేది. కళ్ళజోళ్ళ షాపులో మా మేనేజరుని రోజూ ఆలస్యంగా వస్తానని అడిగితే ఆయన నా వంక కాక నా వెనకున్న అద్దం వంక చూశాడు. ఏం చెయ్యాలో తోచక బుధవారం పొద్దున మామయ్య గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పాను. సెలవుల్లో ఇదే ఆఖరు బుధవారం, దాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్తున్నాను, మీరు రాకపోతే నాకే సుఖం, రెండు టేబుళ్ళ మధ్యా తిరిగే బాధ తప్పుతుంది అన్నాను. అని కళ్ళు తుడుచుకుంటూ చెప్పులు వేసుకుంటుంటే, వెనకనించి ఆయన చెప్పుల చప్పుడు వినపడింది. చొక్కా మార్చుకుని, సెట్టు పెట్టుకుని వచ్చేశారు.

ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. ఊళ్ళో అందరికీ అది ఆఖరు బుధవారమేగా. మామయ్య తన గోడ తనకి చూసుకున్నారు. పిడుగు కిటికీ దగ్గరికి పోయింది. తీరా చూస్తే నిన్నటి మేకరాన్లు అయిపోయాయి. లోపల ట్రేలో ఇవాళ్టివి ఉన్నాయి, గులాబీవే. పిడుగు పెదవి వణకడం మొదలైంది. నేను బతిమాలాను. రేపటికైతే బాగుంటాయక్కా, ఇప్పుడు గట్టిగా ఉంటాయి అంది కేకులావిడ. రేపటినించి మాకు షాపు, దానికి బడి, ఇవ్వు తల్లీ నీకు పుణ్యముంటుంది అన్నాను. ఆవిడ నా బాధ పడలేక ఒక్కటి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది.

పిడుగు కొరికింది. పెంకు మెత్తగా తెగలేదు, టప్పున విరిగింది. పెంకుతోపాటు పన్నూ వచ్చేసింది. గులాబీ ముక్క మీద ఎర్రగా చుక్క, ఆ చుక్కలో బియ్యపు గింజంత పన్ను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీలోంచి జారి టేబుల్ కిందికి దూరిపోయింది. నేను వంగి రమ్మన్నాను, ఏం కాలేదన్నాను, కొత్త పన్ను వస్తుందన్నాను, నాన్నకీ ఊడింది నాకూ ఊడింది అన్నాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది.

"నేను ఇంక నేను కాదు. బళ్ళో నన్నెవరూ గుర్తుపట్టరు."

షాపులో అందరూ మా వంకే చూస్తున్నారు. వెనక గోడ దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది.

మామయ్య వచ్చారు. ఇస్త్రీ మడత నలుగుతుందని సోఫాలో కూడా జారగిలబడని మనిషి, ఒక చెయ్యి టేబుల్ మీద ఆనించి, మోకాళ్ళు మూలుగుతుంటే మెల్లిగా నేల మీద చతికిలబడ్డారు. దాని వంక చూశారు. తర్వాత, అంతమంది చూస్తుండగా, నోట్లో చెయ్యి పెట్టి పై సెట్టు తీసి పళ్ళెంలో పెట్టారు. కింది సెట్టు తీసి దాని పక్కన పెట్టారు. ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. ఆ ముఖం ఇంట్లో నాకు కూడా చూపించేవారు కాదు. గొంతు సవరించుకున్నారు.

"ప్రయాణికులకు గమనిక. కింది వరుస ముందు పన్ను, నిర్ణీత సమయానికే బయలుదేరి వెళ్ళినది. అదే ప్లాట్‌ఫాం మీదకి కొత్త పన్ను కొద్ది రోజుల్లో వచ్చును. ప్రయాణికులు కంగారు పడవలదు."

నిజం చెప్పాలంటే సగం అక్షరాలు తడిసి ముద్దై ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అయినా ఆ సాగదీత అదే, మాటకీ మాటకీ మధ్య ఆ ఆగడం అదే. బీరువా వెనక కేకులావిడ చేస్తున్న పని ఆపేసింది.

టేబుల్ కింద పిడుగు ముఖం పైకెత్తింది. తర్వాత, "నీకో?" అని వినపడింది.

"నా లైన్లో బళ్ళన్నీ వెళ్ళిపోయాయమ్మా" అన్నారు మామయ్య. "స్టేషను మాత్రం తెరిచే ఉంది."

అని నోరు బారుగా తెరిచి చూపించారు. పిడుగు మోకాళ్ళ మీద పాక్కుంటూ దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది. ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి, ఆ చేత్తోనే ఆయన చిగురు మీద వేలు పెట్టింది.

"మెత్తగా ఉంది" అంది.

తర్వాత తన నోరు తెరిచింది. మామయ్య కళ్ళజోడు సర్దుకుని ఆ సందుని పరీక్షగా చూసి, బాగుందని తలూపారు. నేను బీరువా వైపు తిరిగి, నాకు చదవడం రాని ఆ ఫ్రెంచి చీటీలన్నీ వరసగా చదువుతున్నట్టు నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

కేకులావిడ లోపలికెళ్ళి తనకోసం దాచుకున్న నిన్నటి మేకరాన్లు తెచ్చి కిటికీ దగ్గరి టేబుల్ మీద పెట్టి, మూడు కుర్చీలు దగ్గరికి లాగింది. ఆ ఎండాకాలంలో ఆ షాపులో నేను కూర్చుని తిన్నది ఆ ఒక్కరోజే. పిడుగు మేకరాన్‌ని తుంచి, ముందు క్రీమున్న మెత్తటి వైపు తాత నోట్లో పెట్టి, మిగిలింది తను తింది. పళ్ళెంలో సెట్టు వంక పక్క టేబుల్ ఆవిడ అదేపనిగా చూస్తుంటే, మామయ్య ఎంతో హుందాగా దాని మీద కాగితం రుమాలు కప్పారు.

బడి తెరిచిన రోజు పొద్దున, సెట్టు కడిగి నీళ్ళు మారుద్దామని మామయ్య గదిలోకి వెళ్ళాను. కిటికీలో గ్లాసు మీద ఎండ పడుతోంది. అడుగున సెట్టు, దాన్ని ఆనుకుని ఓ చిన్న పాలపన్ను. నేను గ్లాసు చేతిలోకి తీసుకునేసరికి, బడి బట్టల్లో తయారై, వీపున సంచీతో పిడుగు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కదపకమ్మా. తాత పళ్ళు మొండిగా ఉన్నాయంట, అందుకే నెప్పెడుతున్నాయంట. ఒక రోజు పక్కపక్కన ఉంటే మెత్తబడతాయి. కేకులావిడ చెప్పిందిగా."

"మరి తాత ఇవాళ నీతో బడికెలా వస్తారే? సెట్టు లేకుండా ఆయన గడప దాటరు కదా" అన్నాను.

"అడిగాను. సరే అన్నాడు."

అంటూనే తుర్రుమంది. గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది. వీధిలో పాలవాడూ, ఎదురింటివాళ్ళూ, బడికెళ్ళే పిల్లలూ అందరూ ఉండే వేళ అది. ఆ వీధి మధ్యలోంచి, ఆ తడిసిన అక్షరాలతోనే, మునుపటంత గట్టిగా వినపడింది, బడికి వెళ్ళవలసిన బండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదని. దాని వెనకే పిడుగు గొంతు ఈలలా వినపడింది, ఊడిన పంటి సందులోంచి.

నేను నీళ్ళు మార్చకుండానే గ్లాసు మళ్ళీ కిటికీలో పెట్టేశాను.